జర్మనీలో ప్రొబేషన్‌లో ఉద్యోగం తీసేస్తే: మూడు వారాల్లో చేయాల్సిన పనులు

జర్మనీలో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను ఎప్పుడైనా తీసేయొచ్చు, అడగడానికేమీ ఉండదు అని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగా చెబుతుంటారు. అందులో సగమే నిజం. తొలి ఆరు నెలల్లో కంపెనీ కారణం చెప్పనక్కర్లేదు. చెప్పినా, ఆ కారణం సరిపోదని మీరు వాదిస్తే కోర్టు వినదు. కానీ ఎలా తీసేశారు, ఎవరిని అడిగి తీసేశారు, ఎవరిని తీసేశారు అన్న మూడు ప్రశ్నలకు ప్రొబేషన్‌లో కూడా చట్టం జవాబు అడుగుతుంది. కేసు గెలిచేది అక్కడే. "నేను బాగానే పనిచేశాను" అన్న వాదన ఎంత నిజమైనా దాన్ని పక్కన పెట్టి ఆ మూడు ప్రశ్నలు వెతకండి.

ఇది జర్మన్ చట్టం గురించిన సాధారణ సమాచారం. లెటర్ చేతికి వచ్చాక ఒకసారి లేబర్ లా వకీలును కలవడం మంచిది. వకీలుతో వేరే ఫీజు ఒప్పందం చేసుకోకపోతే, వినియోగదారులకు తొలి సంప్రదింపు ఫీజు 190 యూరోలు, దానిపై వ్యాట్ దాటకూడదని చట్టమే పరిమితి పెట్టింది.

ముందు తేదీలు రాసుకోండి

లెటర్ మీ చేతికి లేదా మీ పోస్ట్ బాక్సులోకి వచ్చిన రోజు నుంచి మూడు వారాల్లో లేబర్ కోర్టులో (ఆర్బైట్స్‌గెరిహ్ట్) దావా పడాలి. ఇది డిస్మిసల్ రక్షణ చట్టం సెక్షన్ 4. గడువు దాటితే, లెటర్‌లో ఎంత పెద్ద తప్పున్నా అది మొదటి నుంచీ చెల్లినట్టే లెక్క అని సెక్షన్ 7 చెబుతుంది. ప్రొబేషన్‌లో ఉన్నా, పది మందిలోపు పనిచేసే చిన్న కంపెనీలో ఉన్నా ఈ గడువు వర్తిస్తుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. హెచ్ఆర్‌కు ఈమెయిళ్లు రాస్తూ, మేనేజర్ మనసు మారుతుందేమోనని ఎదురుచూస్తూ ఇరవై రెండో రోజుకు వస్తారు. కంపెనీతో చర్చలు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మీరు 2025 సెప్టెంబర్ 1న చేరారు. 2026 ఫిబ్రవరి 27, శుక్రవారం నాడు లెటర్ అందింది. దావాకు ఆఖరి రోజు మార్చి 20, శుక్రవారం. ఆఖరి రోజు శని, ఆది లేదా సెలవు దినమైతే తర్వాతి పనిదినం వరకు గడువు ఉంటుంది.

లెటర్ అందడం అంటే మీరు చదవడం కాదు. మామూలుగా పోస్ట్ వచ్చే వేళకు మీ బాక్సులో పడితే ఆ రోజే అందినట్టు. సంక్రాంతికి విజయవాడ వెళ్లి ఉన్నా, ఆ సంగతి కంపెనీకి తెలిసినా అంతే. తిరిగొచ్చాక చూసుకుంటే, గడువు దాటినా దావా స్వీకరించమని సెక్షన్ 5 కింద కోరవచ్చు. అయితే అడ్డంకి తొలగిన రెండు వారాల్లోనే ఆ దరఖాస్తుతో పాటు దావా కూడా వేయాలి. ఊరెళ్లేటప్పుడు బాక్సు తాళం నమ్మకమైన పక్కింటివాళ్లకు ఇచ్చి వెళ్లడం తేలిక.

నిజంగా ఆరు నెలల్లోపే ఉన్నారా?

ఇక్కడ రెండు వేర్వేరు గడియారాలు తిరుగుతుంటాయి. కాంట్రాక్టులో రాసే ప్రొబేషన్ (ప్రోబెట్సైట్) వల్ల మారేది నోటీసు కాలం ఒక్కటే. సివిల్ కోడ్ సెక్షన్ 622 ప్రకారం అది గరిష్ఠంగా ఆరు నెలలు, నోటీసు రెండు వారాలు. ఉద్యోగం నుంచి తీసేయడానికి సరైన కారణం చూపించమని కంపెనీని అడిగే హక్కు మాత్రం కాంట్రాక్టు మాటలతో సంబంధం లేకుండా ఆరు నెలలు నిండాకే వస్తుంది. దాన్ని వెయిటింగ్ పీరియడ్ (వార్టెట్సైట్) అంటారు. కాంట్రాక్టులో ప్రొబేషన్ మూడు నెలలే అని ఉన్నా నాలుగో నెలలో కారణం లేకుండా తీసేయొచ్చు, నోటీసు మాత్రం ఎక్కువ ఇవ్వాలి. తిప్పి చూస్తే, మీ ప్రొబేషన్‌ను తొమ్మిది నెలలకు పొడిగించాం అని రాసిచ్చినా ఆరు నెలల తర్వాత పూర్తి రక్షణ వచ్చేస్తుంది. ఆ రక్షణ కావాలంటే ఆఫీసులో పదిమంది కంటే ఎక్కువ ఉండాలి. పార్ట్‌టైం వాళ్లను గంటలను బట్టి సగంగానో ముప్పావుగానో లెక్కిస్తారు.

మన పిల్లలు ఎక్కువమంది వదిలేసే పాయింటు ఇక్కడుంది. మాస్టర్స్ చేస్తూ ఏడాది పాటు అదే కంపెనీలో వర్కింగ్ స్టూడెంట్‌గా చేసి, డిగ్రీ అయ్యాక అక్కడే ఫుల్‌టైం తీసుకున్నారనుకోండి. కొత్త కాంట్రాక్టులో ఆరు నెలల ప్రొబేషన్ అని కొత్తగా రాస్తారు. కానీ వర్కింగ్ స్టూడెంట్ పని కూడా ఉద్యోగమే. రెండింటి మధ్య విరామం లేకుండా, పని స్వభావం దగ్గరగా ఉంటే ఆ పాత నెలలు కూడా వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తాయి. అంటే ఫుల్‌టైం చేరిన మొదటి రోజే మీకు పూర్తి రక్షణ ఉండి ఉండవచ్చు. అప్పుడు కారణమేంటో కంపెనీయే కోర్టులో నిరూపించాలి. మరో కంపెనీ పంపగా అక్కడ పనిచేసిన నెలలు, థీసిస్ కోసం గడిపిన నెలలు మామూలుగా కలవవు. పాత కాంట్రాక్టు, పాత శాలరీ స్లిప్పులు ఇప్పుడే బయటికి తీయండి.

ఆరు నెలల లెక్కలో చూడాల్సింది లెటర్ అందిన రోజు, ఉద్యోగం ముగిసే రోజు కాదు. మన ఉదాహరణలో ఫిబ్రవరి 28 లోపు లెటర్ అందితే చాలు, ఉద్యోగం మార్చిలో ముగిసినా ఫర్వాలేదు. అదే లెటర్ మార్చి 2, సోమవారం నాడు బాక్సులో పడి ఉంటే కథ పూర్తిగా వేరు. లెటర్ మీద వేసిన తేదీకి విలువ లేదు. లెటర్ ఎప్పుడు అందిందో కంపెనీయే రుజువు చేయాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపిన రసీదు, దానికి తోడు ఇంటర్నెట్ ట్రాకింగ్ ప్రింటు చూపిస్తే సరిపోదని ఫెడరల్ లేబర్ కోర్టు 2025 జనవరిలో తేల్చింది. కవరు పారేయకండి.

లెటర్ కాగితాన్ని చూడండి

సివిల్ కోడ్ సెక్షన్ 623 ప్రకారం ఉద్యోగం తీసేసే లెటర్ కాగితం మీద, పెన్నుతో పెట్టిన అసలు సంతకంతో ఉండాలి. ఈమెయిల్, వాట్సాప్, స్కాన్ చేసిన పీడీఎఫ్, ఫ్యాక్స్, డాక్యుసైన్, టీమ్స్ కాల్‌లో నోటిమాట, ఇవేవీ చెల్లవు. ఐటీ కంపెనీల్లో, ముఖ్యంగా హెచ్ఆర్ వేరే దేశంలో ఉన్నచోట్ల, ఈ తప్పు తరచూ జరుగుతుంది.

రెండోది, ఎవరు సంతకం పెట్టారు? కంపెనీ డైరెక్టర్ కాకుండా మీ టీమ్ లీడ్ పెట్టి, అతనికి ఆ అధికారం ఇచ్చిన అసలు కాగితం జత చేయకపోతే, సెక్షన్ 174 కింద ఆ లెటర్‌ను మీరు తిరస్కరించవచ్చు. ఇది వెంటనే చేయాలి. వారం దాటితే మామూలుగా ఆలస్యం కిందే లెక్క. అధికార పత్రం జత చేయలేదు కాబట్టి తిరస్కరిస్తున్నాను అని స్పష్టంగా రాయాలి. మీ తరఫున వకీలు రాస్తే ఆయన కూడా మీరిచ్చిన అసలు వకాల్తా జత చేయాలి, లేదంటే కంపెనీ అదే అస్త్రాన్ని తిప్పి కొడుతుంది. హెచ్ఆర్ హెడ్ లాంటివాళ్లకు ఆ అధికారం ఉందని ఉద్యోగులకు ముందే తెలిసి ఉంటే ఈ పాయింటు పనిచేయదు.

ఈ తప్పులకు అసలు విలువ క్యాలెండర్‌ను బట్టి ఉంటుంది. రెండో నెలలో ఈమెయిల్‌తో తీసేశారని మీరు గొడవ చేస్తే, మర్నాడు సరైన కాగితం ఇస్తారు. మీకు మిగిలేది కొన్ని రోజుల జీతం. అదే తప్పు ఆరో నెల చివరి వారంలో జరిగితే, కంపెనీ తప్పు దిద్దుకునేలోపు ఆరు నెలలు నిండిపోతాయి, పూర్తి రక్షణ మీ చేతికొస్తుంది. మన ఉదాహరణలో ఫిబ్రవరి 27న వచ్చిన లెటర్‌కు అధికార పత్రం లేకపోతే, సెక్షన్ 174 తిరస్కరణను అదే రోజు పరుగెత్తి ఇవ్వక్కర్లేదు. మార్చి మొదటి రోజుల్లో, వారం దాటకుండా ఇచ్చినా అది సకాలమే. ఇది కుయుక్తి అని కొందరికి అనిపించవచ్చు. కంపెనీ కూడా ఆరో నెల ఆఖరి శుక్రవారం దాకా ఆగే లెటర్ ఇచ్చింది కదా!

అసలు సంతకం లేని లెటర్‌కు మూడు వారాల గడువు మొదలవదు. అయినా ఆ ధీమాతో కూర్చోకుండా మూడు వారాల్లోనే దావా వేయండి. ఆలస్యం చేస్తే హక్కు వదులుకున్నట్టే అని కంపెనీ వాదించే ఆస్కారం ఎందుకివ్వాలి?

ఎవరినైనా అడిగి తీసేశారా?

మీ ఆఫీసులో ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల సంఘం, అంటే వర్క్స్ కౌన్సిల్ (బెట్రీబ్స్‌రాట్) ఉంటే, ప్రతి తొలగింపుకు ముందు వాళ్ల అభిప్రాయం అడగాలి. ప్రొబేషన్‌కు మినహాయింపు లేదు. అడగకపోతే తొలగింపు చెల్లదని బెట్రీబ్స్‌రాట్ చట్టం సెక్షన్ 102 సూటిగా చెబుతుంది. మామూలు తొలగింపుకు వాళ్లకు వారం టైమివ్వాలి, ఉన్నపళంగా తీసేసేదానికి మూడు రోజులు. ఆ వారం గడవకముందే, వాళ్ల తుది జవాబు రాకముందే లెటర్ ఇచ్చేస్తే అదీ తప్పే. అయితే వెయిటింగ్ పీరియడ్‌లో కంపెనీ బెట్రీబ్స్‌రాట్‌కు పెద్ద వివరాలు ఇవ్వనక్కర్లేదు. "మా అంచనాలకు తగ్గట్టు లేరు" అన్న అభిప్రాయం నిజంగా కంపెనీదే అయితే అంతవరకు చెప్పినా చాలని ఫెడరల్ లేబర్ కోర్టు 2013లో అంది. కానీ తప్పుడు విషయాలు చెప్పి ఒప్పించకూడదు.

బెట్రీబ్స్‌రాట్ సభ్యుణ్ణి నేరుగా కలిసి అడగండి: మిమ్మల్ని ఏ తేదీన అడిగారు, ఏం చెప్పారు, మీరేం రాశారు? వాళ్లు నోరు విప్పకపోయినా ఇబ్బంది లేదు. సరిగా అడిగారో లేదో నాకు తెలియదు, అందుకే ఒప్పుకోవడం లేదు అని దావాలో రాస్తే చాలు. సరిగానే అడిగామని చూపించే భారం కంపెనీ మీద పడుతుంది. ఎక్కువ ఖర్చులేని, ఎక్కువ ఫలితమిచ్చే వాక్యం ఇదే.

యాభై శాతం లేదా అంతకు మించిన వైకల్య గుర్తింపు ఉన్నవాళ్లు, వాళ్లతో సమానంగా గుర్తింపు పొందినవాళ్లు మరో మాట అడగాలి. కంపెనీలో వికలాంగ ఉద్యోగుల ప్రతినిధి ఉంటే ఆయన అభిప్రాయం కూడా ముందే తీసుకోవాలి, లేకపోతే తొలగింపు చెల్లదు. వికలాంగుల ఉద్యోగ వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఇంటిగ్రేషన్ ఆఫీసు అనుమతి మాత్రం ఆరు నెలలు దాటాకే అవసరం.

ప్రొబేషన్‌లో కూడా తీసేయకూడనివాళ్లు

గర్భిణిని ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే, ప్రసవమయ్యాక నాలుగు నెలల దాకా, ప్రభుత్వ అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేదు. కంపెనీకి గర్భం సంగతి తెలియకపోతే, లెటర్ అందిన రెండు వారాల్లో చెప్పాలి. మీకే ఆలస్యంగా తెలిస్తే తెలిసిన వెంటనే చెప్పండి. ప్రొబేషన్‌లో ఉన్నామని భయపడి గర్భం దాచిపెట్టేవాళ్లు మనవాళ్లలో చాలామంది. చట్టం చూస్తే అది తలకిందుల ఆలోచన, చెబితేనే రక్షణ. పన్నెండో వారం తర్వాత గర్భస్రావం జరిగినా నాలుగు నెలల రక్షణ ఉంటుంది. ఏది ఎలా ఉన్నా మూడు వారాల దావా మాత్రం మానకూడదు.

పేరెంటల్ లీవ్ అడిగినవాళ్లకు, బెట్రీబ్స్‌రాట్ ఎన్నికల్లో పోటీ చేస్తున్నవాళ్లకు కూడా విడి రక్షణలున్నాయి.

సిక్ లీవ్‌లో ఉండగా తీసేయకూడదు అన్నది మాత్రం అపోహ. తీసేయొచ్చు. అయితే జబ్బు కారణంగానే తీసేశారని తేలితే, ఉద్యోగం ముగిశాక కూడా మొత్తం ఆరు వారాల పరిమితిలో సిక్ జీతం రావాలి. చేరిన తొలి నాలుగు వారాల్లో జబ్బు పడితే కంపెనీ ఇవ్వదు, ఆరోగ్య బీమా సంస్థను అడగాలి.

వివక్ష, కక్ష సాధింపు

జాతి మూలం, లింగం, మతం, వైకల్యం, వయసు, లైంగిక గుర్తింపు కారణంగా తీసేస్తే ప్రొబేషన్‌లో కూడా చెల్లదు. 2013 డిసెంబర్ 19న ఫెడరల్ లేబర్ కోర్టు తేల్చిన కేసు దీనికి మూలం. మందుల తయారీ కంపెనీలో ప్రొబేషన్‌లో ఉన్న ఒక ఉద్యోగికి హెచ్ఐవీ ఉందని తెలిసి తీసేశారు. లక్షణాలు లేని హెచ్ఐవీ కూడా చట్టం దృష్టిలో వైకల్యమేనని, తగిన సర్దుబాట్లతో అతనితో పని చేయించుకునే వీలుందో లేదో కంపెనీ చూడాలని కోర్టు చెప్పింది.

వివక్షకు పూర్తి రుజువు మీరు తేనక్కర్లేదు. సూచనలు చూపిస్తే, అది కాదని నిరూపించే బాధ్యత కంపెనీకి మారుతుంది. మేనేజర్ చాట్‌లో రాసిన మాట, మీటింగ్‌లో అన్న మాటకు సాక్షి, ఇలాంటివి. నష్టపరిహారం కూడా అడగాలనుకుంటే రెండు నెలల్లో రాతపూర్వకంగా అడగాలి. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్పాలి: "జర్మన్ రాదని తీసేశారు" అన్నది ఒక్కటే ఉంటే వివక్ష కేసు నిలబడటం కష్టం. పనికి ఆ భాష నిజంగా అవసరమైతే కోర్టులు కంపెనీ వైపే చూస్తాయి.

చట్టబద్ధమైన హక్కు అడిగినందుకు, అంటే ఓవర్‌టైం డబ్బులో సెలవో అడిగినందుకు తీసేస్తే అది కక్ష సాధింపు, సివిల్ కోడ్ సెక్షన్ 612ఎ కింద చెల్లదు. నిరూపించడమే కష్టం, అడిగిన తేదీకీ లెటర్ తేదీకీ మధ్య దూరం తక్కువగా ఉంటే కొంత ఊపు వస్తుంది. ఇచ్చిన మాటకు పూర్తి విరుద్ధంగా నడుచుకున్నా కోర్టు అడ్డుకోవచ్చు. ప్రొబేషన్ తర్వాత కొనసాగిస్తామని అధికారమున్న పైఅధికారి చెప్పాక, కొత్తగా ఏమీ జరగకుండానే తీసేసిన కేసులో డ్యూసెల్‌డార్ఫ్ ప్రాంతీయ లేబర్ కోర్టు 2025లో ఉద్యోగి పక్షాన నిలిచింది.

నోటీసు రోజులు లెక్కపెట్టండి

తొలగింపు చెల్లినా తేదీ తప్పు కావచ్చు. రెండు వారాల నోటీసు ప్రొబేషన్‌కు మాత్రమే అని కాంట్రాక్టులో విప్పి చెప్పకుండా, వేరే చోట ఎక్కువ నోటీసు కాలం రాసి ఉంటే, ఆ ఎక్కువ కాలమే ప్రొబేషన్‌లో కూడా వర్తిస్తుందని 2017లో ఒక విమాన సిబ్బంది కేసులో ఫెడరల్ లేబర్ కోర్టు చెప్పింది. కాంట్రాక్టు రాసింది వాళ్లే కాబట్టి అస్పష్టతకు మూల్యం వాళ్లే చెల్లించాలి.

ఏడాది కాంట్రాక్టులాంటి నిర్ణీతకాల ఉద్యోగాల్లో ప్రొబేషన్ ఆ కాలానికి తగినంతే ఉండాలని 2022 ఆగస్టు నుంచి నియమం. కాంట్రాక్టు ఎంతకాలమో ప్రొబేషన్ కూడా అంతకాలమే ఉంటే అది చెల్లదు. ప్రొబేషన్ చెల్లకపోతే నోటీసు మామూలు నాలుగు వారాలు, అదీ నెల 15న లేదా నెలాఖరున ముగిసేలా. ఇక మధ్యలో తీసేసే హక్కు కాంట్రాక్టులో రాసుకోకపోతే మామూలు నోటీసుతో తీసేయడానికే వీల్లేదు.

సంతకం పెట్టమంటే

లెటర్ అందినట్టు సంతకం పెట్టొచ్చు. "ఎర్‌హాల్టెన్" అని, తేదీ వేసి, అంతే. "ఆయిన్‌ఫెర్‌ష్టాండెన్" అంటే ఒప్పుకున్నాను అని. ఆ మాట గానీ, దావా వేయను అన్న వాక్యం గానీ కనిపిస్తే పెన్ను కింద పెట్టండి.

పరస్పర ఒప్పందంతో విడిపోదాం, మంచి సర్టిఫికెట్ ఇస్తాం అని ఇంకో కాగితం (ఆఉఫ్‌హేబుంగ్స్‌ఫెర్‌ట్రాగ్) ముందు పెడతారు. దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పండి. సంతకం పెట్టాక మనసు మార్చుకునే హక్కు మామూలుగా లేదు, పైగా నిరుద్యోగ భృతి పన్నెండు వారాల దాకా ఆగిపోవచ్చు. అన్ని ఒప్పందాలూ చెడ్డవని కాదు. మూడు, నాలుగు నెలల తర్వాత ముగిసేలా రాసి, ఈలోపు బాగా చేస్తే మళ్లీ తీసుకుంటాం అనేవి కొందరికి నిజంగానే రెండో అవకాశం. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ నెలలు బంగారం.

దావా వేయడం

పనిచేసిన ఊరి లేబర్ కోర్టుకు వెళ్లండి. అక్కడ రెహ్ట్స్‌ఆన్‌ట్రాగ్‌ష్టెల్లె అనే కౌంటరు ఉంటుంది, మీరు చెప్పింది దావాగా రాసిపెడతారు. తొలి దశలో వకీలు తప్పనిసరి కాదు. కాంట్రాక్టు, తొలగింపు లెటర్, కవరు, జీతం స్లిప్పులు, గుర్తింపు పత్రం తీసుకెళ్లండి. మీరే రాసుకుంటే జర్మన్‌లో రాయాలి, సంతకం చేసిన కాగితంగా ఇవ్వాలి. మామూలు ఈమెయిల్‌తో పంపితే గడువు నిలవదు. ఫలానా తేదీ లెటర్ వల్ల నా ఉద్యోగం ముగియలేదని తేల్చండి అన్న కోరిక, లెటర్ అందిన తేదీ, కంపెనీ సరైన పేరు ఉంటే చాలు. కాంట్రాక్టులో ఉన్న జీఎంబీహెచ్ (మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీ) పేరే రాయండి. ఆఫీసు గోడ మీది బ్రాండ్ పేరు వేరే కంపెనీది కావచ్చు. మిగతా కారణాలు తర్వాత కూడా చేర్చవచ్చు.

ఖర్చు విషయంలో ఒక విచిత్రమైన నియమం ఉంది. తొలి దశలో గెలిచినా ఓడినా ఎవరి వకీలు ఫీజు వాళ్లదే. కోర్టు ఫీజు ముందుగా కట్టక్కర్లేదు, రాజీతో ముగిస్తే అసలు ఉండదు. డబ్బు లేకపోతే ప్రభుత్వ సాయం (ప్రొట్సెస్‌కోస్టెన్‌హిల్ఫె) అడగొచ్చు. లీగల్ ఇన్సూరెన్స్‌కు ఉద్యోగ వివాదాల్లో సాధారణంగా మూడు నెలల వెయిటింగ్ ఉంటుంది. లెటర్ వచ్చాక తీసుకుంటే ఈ కేసుకు పనికిరాదు.

కొన్ని వారాల్లో రాజీ విచారణకు (గ్యూటెఫెర్‌హాండ్‌లుంగ్) పిలుస్తారు. ఒక జడ్జి, పావుగంట. వెళ్లకపోతే మీకు వ్యతిరేకంగా తీర్పు వస్తుంది. ఎక్కువ కేసులు ఇక్కడే ముగుస్తాయి. ఏం ఆశించాలో నిజాయితీగా చెప్పుకుందాం. ఏడాదికి అరనెల జీతం అన్న లెక్క ప్రకారం ఆరు నెలలకు వచ్చేది పావునెల. గట్టి తప్పు దొరికినప్పుడే పెద్ద మొత్తం మాట్లాడొచ్చు, ఎందుకంటే ఓడిపోతే మధ్యకాలం జీతమంతా కట్టాల్సి వస్తుందని కంపెనీకి తెలుసు. తప్పు చిన్నదైతే డబ్బు కన్నా ముగింపు తేదీ జరపమని, ఆ కాలం జీతంతో ఇంట్లో ఉండనివ్వమని, మంచి సర్టిఫికెట్ రాయమని అడగండి.

కోర్టుతో పాటు నడవాల్సిన పనులు

లెటర్ తెలిసిన మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయంలో ఉద్యోగం వెతుకుతున్నట్టు నమోదు చేసుకోవాలి, లేదంటే వారం భృతి పోతుంది. మన ఉదాహరణలో అది మార్చి 2, సోమవారం. ఇంటర్నెట్‌లో కూడా చేయొచ్చు. నిరుద్యోగిగా నమోదు చేసుకోవడం వేరే పని, అది ఉద్యోగం లేని మొదటి రోజుకల్లా జరగాలి. భృతికి గత 30 నెలల్లో 12 నెలల నిరుద్యోగ బీమా చందా ఉండాలి, కాబట్టి ఇది మొదటి ఉద్యోగమైతే చాలామందికి రాదు.

బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న విదేశీ నిపుణులకిచ్చే నివాస, ఉద్యోగ అనుమతి) గానీ, ఇతర వర్క్ పర్మిట్ గానీ ఉన్నవాళ్లు ఉద్యోగం ముందుగా ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లో విదేశీయుల కార్యాలయానికి (ఆఉస్‌లెండర్‌బెహోర్డె) రాతపూర్వకంగా తెలపాలి. ఉద్యోగం పోగానే కార్డు దానంతటదే రద్దు కాదు. కానీ గడువు తగ్గించే అధికారం వాళ్లకుంది, బ్లూ కార్డ్ వాళ్లకు సాధారణంగా మూడు నెలల వెతుకులాట సమయం దొరుకుతుంది. దావా వేశామన్న కోర్టు కాగితం నకలు ఆ లేఖతో జత చేయండి, ఉద్యోగం ముగిసిందా లేదా అన్నదే ఇంకా తేలలేదని అది చూపిస్తుంది. బ్లూ కార్డ్ వాళ్లు తొలి పన్నెండు నెలల్లో కొత్త కంపెనీలో చేరితే ఆ సంగతీ వాళ్లకు చెప్పాలి, వాళ్లు ముప్పై రోజుల వరకు ఆపి పరిశీలించవచ్చు.

కేసు తేలకముందే ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే, బయల్దేరేలోపు వకీలుకు అసలు సంతకంతో వకాల్తా ఇచ్చి, జర్మనీలో పోస్ట్ అందుకునే చిరునామా ఒకటి కోర్టుకు రాసివ్వండి.